ఇద్దరికని మొక్కిన గుర్రం

ఇద్దరిని కాపాడమని మొక్కుకున్నప్పుడు దేవుడు ఒక్కరినే కాపాడితే, ఆ మొక్కు తీర్చాలా, అక్కర్లేదా? ఈ సందేహం నాకు చిన్నప్పుడు మొదలైంది. ఇప్పుడు గడ్డం నెరిసింది. సింహాచలం కొండ మీద ఒక పంతులుగారిని అడిగితే, "మనసు శుద్ధిగా ఉంచుకో నాయనా, అదే పెద్ద మొక్కు" అన్నారు. మా పేట పూజారిని అడిగితే, "మాటంటే మాటే, ఇచ్చీవలసిందే" అన్నాడు. మా బావమరిది రామును అడిగితే, "సగం గుర్రం ఇచ్చీ బావా, ఎనకవైపు" అన్నాడు. ఎవరి మాటా నా సందేహాన్ని తీర్చలేదు.

మాది భీమిలికి ఇవతల, సముద్రం ఒడ్డున ఉన్న పేట. మా రేవు పక్కన మొగలిపొదల్లో రేవుబాబు ఉన్నాడు. విగ్రహం లేదు. పసుపు పూసిన రాయి, దాని చుట్టూ మట్టిగుర్రాలు, అంతే. వేటకు వెళ్ళిన పడవలు తిరిగి వచ్చేదాకా బాబు గుర్రమెక్కి ఒడ్డు వెంట తిరుగుతుంటాడని మా నమ్మకం. తిరిగి తిరిగి గుర్రాల కాళ్ళు విరిగిపోతాయి. అందుకే మనిషి సముద్రంలో చిక్కుకున్నప్పుడు మా ఆడవాళ్ళు ఆ పొదల దగ్గర నిలబడి, మావాణ్ణి తెచ్చి ఇయ్యి, నీకు కొత్త గుర్రం ఇస్తాను అని మొక్కుతారు. మొక్కిన నోరే ఆ గుర్రాన్ని ఇవ్వాలి. మొక్కిన మనిషి బతికుండగా ఇంకొకరు ఇస్తే చెల్లదు. ఇచ్చేదాకా ఆ ఇంట్లో వాళ్ళెవరూ ప్రాణమున్న గుర్రాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే బాబు అదే తనకిచ్చిన గుర్రం అనుకుంటాడట. ఎక్కిన మనిషితో సహా తోలుకుపోతాడట.

నేను బడి మానేసి వేటకు వెళ్ళిన మొదటి ఏడు, మా అయ్యతో పాటు తెప్ప మీద ఉండగా గాలివాన పట్టుకుంది. మా అమ్మ గంగాలమ్మ ఆ వానలో మొగలిపొదల దగ్గర నిలబడి మా ఇద్దరి పేర్లూ చెప్పి గుర్రం మొక్కింది. తెల్లారేసరికి కెరటాలు నన్ను ఒక్కణ్ణే ఒడ్డున పడేశాయి. తెప్ప దుంగకు తాడుతో కట్టి ఉన్నాను. కట్టింది మా అయ్య. నేను కళ్ళు తెరిచేసరికి అమ్మ నా మీదకి వంగి ఉంది. ఆమె అన్న మొదటి మాట, "మీ అయ్యేడిరా?"

అమ్మ గుర్రం ఇవ్వలేదు. ఎవరు గుర్తుచేసినా ఒకటే జవాబు. "ఇద్దర్ని అడిగినాను. ఒక్కణ్ణి ఇచ్చినాడు. ముందు ఆడి మాట ఆణ్ణి నిలబెట్టుకోమను." ఆ 'ఒక్కణ్ణి' అనే మాట విన్నప్పుడల్లా నేను తల దించుకునేవాణ్ణి. నాకు పెళ్ళయింది, పిల్ల పుట్టింది, సొంత పడవలో వాటా వచ్చింది. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని ఎక్కించుకు తిప్పే గుర్రాలు ఎదురైతే మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేవాణ్ణి.

ఈ ఏడాది వేసవిలో జరిగింది చెబుతాను.

ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజులని ప్రభుత్వం వేట ఆపిస్తుంది. పడవలు ఒడ్డెక్కుతాయి. మగవాళ్ళం టార్పాలిన్ నీడలో కూర్చుని చిరిగిన వలలు బాగుచేసుకుంటాం. అలా కూర్చున్న ఒక ఉదయం రాము వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"బావా, నీ కూతురు కలెక్టరు ఎప్పుడైపోనాది?"

"ఏటి నీ ఏళాకోళం?"

"ఏళాకోళం కాదు. నిన్న సరుగుడు తోట కాడ ఎవులో దొరసాని గుర్రం మీద వత్తంటే నాను పక్కకి తప్పుకోని దణ్ణం పెట్టీసినాను. 'మావా, నాను సూర్యకళని' అనీసి నవ్వినాది. నా పరువు పోనాది."

వల అల్లే సూది నా వేలిలో దిగింది. రక్తం చూసి రాము నవ్వు ఆపేశాడు. మా ఇంటి మొక్కు సంగతి అతనికీ తెలుసు.

మా అమ్మాయి సూర్యకళ ఇంటర్ పరీక్షలు రాసి, భీమిలిలో కంప్యూటరు నేర్చుకుంటున్నానని చెప్పి రోజూ బస్సెక్కుతోంది. నేను ఇంటికి వెళ్ళేసరికి నా భార్య మహేశ్వరి పెరట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నా మొహం చూడగానే చేతిలో చేప కింద పెట్టింది.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు మావా. గుర్రాల బడోళ్ళు సెలవల్లో సుట్టుపక్కల పేటల ఆడపిల్లలకి ఉత్తినే నేర్పుతన్నారు. నెల్లాళ్ళనుంచి ఎల్తన్నాది."

"అమ్మ మొక్కు సంగతి నీకు నాను సెప్పలేదేటి?"

"సెప్పినావు. గుంట సాయంత్రం నవ్వుకుంట ఇంటికొస్తన్నాది. పరీక్షలప్పుడు దాని మొగమెలగుండేదో నువ్వు సూణ్ణేదు, వేటలో ఉన్నావు. ఆ నవ్వు సూసి నోరు మూసుకున్నాను." తర్వాత గొంతు తగ్గించింది. "అత్తకి మాత్రం తెలనియ్యకు."

మధ్యాహ్నం ఎండలో గుర్రాల బడికి బయలుదేరాను. దారిలో గుడి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుని, పూజారి ఇచ్చిన బెల్లం, కొబ్బరి ముక్క చొక్కా జేబులో వేసుకున్నాను. పిల్లని ఇంటికి తీసుకువచ్చేయాలన్నది నా నిర్ణయం. కాళ్ళు మాత్రం దాన్ని విన్నట్టు లేవు. 

ఆ బడి జమీందార్ల కాలంనాటిది. సరుగుడు తోట వెనక ఎర్రపెంకుల పొడుగాటి సాల. ఉప్పుగాలికి ఇటుకలు మధ్యలో తినేసినట్టు గుంటలు పడ్డాయి. గుమ్మం ముందు రాతిపలకలు వందేళ్ళుగా డెక్కలు తొక్కి తొక్కి పళ్ళెంలా అరిగాయి. లోపల చీకటి, చల్లదనం. పెద్ద గుండిగలో ఉలవలు ఉడుకుతున్న వాసన. ఆ వాసన మాత్రం మా ఇంటి పొయ్యి వాసనే. ఒక్కో గుర్రానికీ ఒక్కో గది, సగం దాకా తలుపు. తలుపు పైన గోడ మీద ఆ గదిలో ఉండి చనిపోయిన గుర్రాల పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి. పై పేర్లు సున్నంలో కలిసిపోయాయి. మా పేటలో సముద్రంలో పోయినవాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదే అని ఎందుకో అనిపించింది.

అలా చూస్తుండగా మెడ మీద వేడిగా ఊపిరి తగిలింది.

ఎగిరి అవతలి గోడకు పడ్డాను. సగం తలుపు మీదుగా ఒక తెల్లటి పెద్ద తల బయటికి వచ్చి, చెవులు ముందుకి పెట్టి నన్నే చూస్తోంది. దాని కన్ను నా పిడికిలంత ఉంది. అందులో నేను చిన్నగా, వంకరగా కనిపించాను. బాబూ, నేను ముట్టుకోలేదు, అదే ఊపిరి వదిలింది, ఇది లెక్కలోకి రాదు అని మనసులో చెప్పుకున్నాను.

"భయపడకండి. అది మిమ్మల్ని చూడట్లేదండి, మీ జేబులో ఏముందా అని చూస్తోందండి."

ఖాకీ నిక్కరు, తెల్ల మీసాలతో ఒక పెద్దాయన నవ్వుతూ వచ్చాడు. గురునాథరావుగారు. కాకినాడ వైపు మనిషి. గుర్రపు పోలీసులో చేసి రిటైరయ్యాక ఇక్కడ నేర్పుతున్నారు.

"దాలయ్యగారాండి? మీరు వస్తారని మీ అమ్మాయి రోజూ అంటానే ఉందండి. దీని పేరు బిజిలీ అండి. పేరు చూసి కంగారు పడకండి. మెరుపు ఎప్పుడో వెళ్ళిపోయిందండి, ఇప్పుడు ఉరుము కూడా లేదు. ముసలిది."

జేబులోంచి బెల్లం తీసి తలుపు అంచు మీద పెట్టి చెయ్యి లాక్కున్నాను. బిజిలీ పెదవులతో నెమ్మదిగా ఏరుకు తింది. దేవుడి ప్రసాదం గుర్రానికి పెట్టడం తప్పా ఒప్పా అని మరో అనుమానం పట్టుకుంది. దాన్నీ పాతవాటిలో కలిపాను.

సాల చివర సూర్యకళ కనిపించింది. ఒక గుర్రం వెనక కాలు ఎత్తి తన మోకాళ్ళ మధ్య పట్టుకుని డెక్కలో మట్టి గీకుతోంది. ఆ కాలు విదిలిస్తే పిల్ల గోడకు కొట్టుకుంటుంది.  పిలిస్తే గుర్రం బెదురుతుందేమోనని భయం. పిలవకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం. పని అయ్యేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

కాలు కింద పెట్టి నన్ను చూసింది. పారిపోలేదు, ఏడవలేదు.

"ఇంటికి పద" అన్నాను.

"నాన్నా, నాను తప్పు సేత్తన్నానా?"

"మామ్మ మొక్కు నీకు తెలుసు కదమ్మా."

"తెలుసు. మామ్మకీ బాబుకీ గొడవైతే నడుమ నాకేటి?"

 అదే మాట నేను కూడా ఎన్నోసార్లు లోపల అనుకున్నదే. కాకపోతే నేను పైకి అనలేదు.

"బాబు తోలుకుపోతాడంటారు" అన్నాను చివరికి.

"బాబు మంచోడా, సెడ్డోడా నాన్నా? మంచోడైతే నన్నెందుకు తోలుకుపోతాడు?" అని, నా మొహం చూసి గొంతు మెత్తబరిచింది. "సెలవులు అవ్వగానే పరీక్షున్నాది. అందులో నెగ్గితే సారు నన్ను ఇక్కడే సిన్నపిల్లలకి నేర్పే పనిలో పెడతానన్నారు. అందాకా ఆగు. ఆ తరవాత నువ్వు మానీమంటే మానేత్తాను."

చేయి పట్టుకుని లాక్కురావాలని వెళ్ళాను. ఆ చేతికి అప్పుడే గుర్రం రోమాలు అంటుకుని ఉన్నాయి. నేను పట్టుకోలేకపోయాను.

"అయితే అందాకా నానూ వత్తాను. రోజూ" అన్నాను.

వెళ్ళాను. స్వారీ నేర్పే చోటు ఇసక పోసిన పెద్ద షెడ్డు. గోడల్లేవు, వరసగా స్తంభాలే. ఒక చివర నిలువెత్తు పాత అద్దం ఉంది, ఎక్కినవాళ్ళు తమ నడుము నిటారుగా ఉందో లేదో చూసుకోవడానికి. పాదరసం ఊడి మచ్చలు పడ్డ ఆ అద్దంలో నాకు రోజూ కనిపించింది స్తంభాన్ని రెండు చేతులా పట్టుకున్న ఒక మనిషి. సూర్యకళ ఒక్కో చుట్టు తిరిగి నా ముందు నుంచి పోతుంటే నేను ఒక్కో దేవుడి పేరు తలుచుకునేవాణ్ణి. అప్పన్న, నూకాలమ్మ, ఎర్నమ్మ, కనకమహాలక్ష్మి. బాబు పేరు మాత్రం ఎత్తేవాణ్ణి కాదు. పిలిచి చూపించినట్టు అవుతుందని.

"దాలయ్యగారూ, ఒక్కసారి దాని మెడ మీద చెయ్యి వేయండి, మీ భయం సగం పోద్దండి" అనేవారు గురునాథరావుగారు.

"వద్దండి. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది" అనేవాణ్ణి. ఆయన గట్టిగా అడిగేవారు కాదు.

అన్నిటికన్నా నాకు భయం సాయంత్రాలంటే. ఎండ తగ్గాక గుర్రాలను తోట దాటించి సముద్రంలోకి దింపుతారు. ఉప్పునీళ్ళలో పొట్టదాకా నిలబెడితే కాళ్ళ నరాలకు బలమట. ఆ బడిలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. జీను తీసేసి, మెడతాడు పట్టుకుని, పిల్లలు వట్టి వీపు మీద కూర్చుని దిగుతారు. గుర్రం, సముద్రం, నా కూతురు. ఆ మూడూ ఒక్కచోటే. రోజూ ముందుగా నేను ఒడ్డున నడిచి, కెరటం ఎక్కడ ఎలా విరుగుతోందో చూసి, "ఈరోజు ఇక్కడ" అని చెప్పేవాణ్ణి. అది ఒక్కటే నా చేతిలో పని.

ఇక ఆగలేక ఒకరోజు అన్నం దగ్గర అమ్మను అడిగాను.

"అమ్మా, ఆ గుర్రమేదో ఇచ్చీరాదా?"

అమ్మ ముద్ద ఆపింది. ఆమెకు చూపు తగ్గింది కానీ చూపులో పదును తగ్గలేదు. "ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడేటొచ్చినాది నీకు?"

 మహేశ్వరి గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టింది. అమ్మ మా ఇద్దరినీ చూసింది, లేచి పెరట్లోకి వెళ్ళింది. తీగ మీద సూర్యకళ పంట్లాం ఆరుతోంది. ఎన్నిసార్లు ఉతికినా మోకాళ్ళ లోపలివైపు మరక పోలేదు. అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉతికినా పోని గుర్రం వాసన.

"ఒక్కణ్ణి ఉంచినాడనుకుంటే, ఇప్పుడు దీన్ని అడుగుతన్నాడన్నమాట" అంది. "రేపు నానొత్తాను. జుట్టట్టుకోని ఈడ్సుకొత్తాను గుంటని. ఏటి నవ్వుతావే మహేస్పరీ?"

"నాను నవ్వట్లేదత్తా" అంది మహేశ్వరి. ఆమె ఏడుస్తోంది.

మర్నాడు ఆటో దొరకడం ఆలస్యమైంది. అమ్మతో పాటు నేను తోట దాటేసరికి గుర్రాలు అప్పటికే నీళ్ళలోకి దిగుతున్నాయి. ముందు రాత్రంతా సముద్రం పోటు మీద ఉంది. ఒడ్డు మారిపోయింది. నేను ఇంకా చూసి చెప్పలేదు. నిన్న చెప్పిన చోటే దిగుతున్నారు.

అందరికన్నా ముందు బిజిలీ. దాని మీద సూర్యకళ.

"దాలిగా" అంది అమ్మ. నా మోచేయి పట్టుకుంది. "అక్కడ కెరటం ఇరగట్లేదురా."

చూపు తగ్గిన మనిషికి అది చెవికి తెలిసింది. రెండు పక్కలా కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. మధ్యలో ఒక బాట మాత్రం నున్నగా, నిశ్శబ్దంగా ఉంది. తెలియనివాళ్ళకు అదే మంచి చోటులా కనబడుతుంది. లోపలికి లాగే నీరు అక్కడే ఉంటుంది.

అరిచాను. గాలి నా మీదకే వీస్తోంది. గురునాథరావుగారు నావైపు తిరిగారు. మిగతా పిల్లలు ఆగారు. బిజిలీ మరో అడుగు వేసింది, దాని కాళ్ళ కింద నేల పోయింది. తెల్లటి వీపు మునిగింది. తల ఒక్కటే పైన, ముక్కుపుటాలు పెద్దవి చేసుకుని ఈదుతోంది. సూర్యకళ పక్కకి జారి మెడతాడు పట్టుకుని వేలాడుతోంది. మేం చూస్తుండగానే ఇద్దరూ చిన్నవాళ్ళయిపోతున్నారు.

ఎలా దిగానో నాకు గుర్తులేదు. నీళ్ళు నన్ను కూడా అదే బాటలో లాక్కుపోయాయి. నాకు కావలసిందీ అదే. దగ్గరికి వెళ్ళేసరికి పిల్ల నోట్లో నీళ్ళు. "నాన్నా, తాడు వదిలీమంతావా?" అంది.

"వదలకు" అన్నాను.

బిజిలీ ఒడ్డువైపు తిరగాలని చూస్తోంది. లాగే నీటికి ఎదురు ఈదితే ఎంత బలమున్న ప్రాణీ మిగలదు. అడ్డంగా పోవాలి. గుర్రానికి అది ఎలా చెప్పడం? దాని కన్ను మళ్ళీ కనిపించింది, ఈసారి తెల్లగుడ్డు బయటికి వచ్చి. అది కూడా నాలాగే భయపడుతోందని అప్పుడు తెలిసింది. బాబూ, ఇది నీది కాదు, ఇంకా నీకు ఇవ్వలేదు అంటూ ఎడమచేత్తో దాని జూలు పట్టుకున్నాను. కుడిచేత్తో మెడతాడు పట్టుకుని తల ఒడ్డు వెంట దూరంగా ఉన్న లైట్‌హౌస్ వైపు తిప్పాను. ఒకసారి విదిలించింది. మళ్ళీ తిప్పాను. అప్పుడు మెడ వదులు చేసింది. ముగ్గురం ఒడ్డుకు అడ్డంగా, ఒడ్డును చేరాలని చూడకుండా పోయాం. ఈదింది అదే. నేను దారి చూపించాను, అంతే. ఎంతసేపో తెలియదు. ఒక కెరటం వెనకనుంచి వచ్చి మమ్మల్ని ఎత్తింది. విరిగే కెరటాన్ని అంత ప్రేమగా నేను ఎప్పుడూ చూడలేదు. దాని తర్వాతి కెరటానికి గుర్రం కాళ్ళకు నేల తగిలింది.

ఇసక మీద మోకాళ్ళ మీద పడ్డాను. సూర్యకళ నా పక్కనే నీళ్ళు కక్కుతోంది. గురునాథరావుగారు పిల్ల వీపు తడుముతూ, "నాది తప్పమ్మా, నేను ఆగి ఉండాల్సిందమ్మా" అని అదే మాట అంటున్నారు. నేను తల ఎత్తేసరికి అమ్మ నా మీదకి వంగి ఉంది. ఒడ్డు వెంట పరిగెత్తుకు వచ్చిందట, ఆ వయసులో. రొప్పుతోంది.

నేను ఆ పాత మాట కోసం ఎదురుచూశాను. గుంటేదిరా అని అడుగుతుంది, చూపించాలి అనుకున్నాను.

అమ్మ రెండు చేతులతో నా మొహం పట్టుకుంది.

"వచ్చీసినావా" అంది.

తర్వాత పక్కన దగ్గు వినిపించి సూర్యకళను లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. జుట్టు పట్టుకుంది కానీ పిండడానికి. బిజిలీ తల వేలాడేసి నాలుగు కాళ్ళూ వణుకుతూ నిలబడి ఉంది. అమ్మ కాసేపు దానివైపే చూసింది. తర్వాత లేచి వెళ్ళి, చీర చెంగు పిండి, దాని కళ్ళు తుడిచింది.

"ఉప్పు మంటెడతాది కదా" అంది, ఎవరితోనో.

 ఆ రాత్రి నేను పడుకోలేదు. ముట్టుకున్నాం. పిల్ల ముట్టుకుంది, నేను ముట్టుకున్నాను, అమ్మ కూడా ముట్టుకుంది. ఏ తలుపు చప్పుడైనా లేచి కూర్చుని పిల్ల ఊపిరి వినేవాణ్ణి.

తెల్లవారుతూనే అమ్మ రామును పిలిచి, "కుమ్మరోళ్ళ కాడికి తీసుకెల్లు" అంది.

తగరపువలస దగ్గర ఒకే ఒక్క కుమ్మరాయన ఇంకా చక్రం తిప్పుతున్నాడు. చేసేవి మొక్కల కుండీలు. గుర్రం చేసి ఎన్నాళ్ళయిందో తనకే గుర్తులేదన్నాడు. చేసి, ఆరబెట్టి, కాల్చి ఇచ్చేసరికి జూన్ వచ్చింది. ఆ లోపల సూర్యకళ పరీక్ష కూడా అయిపోయింది. నెగ్గింది. నేను మానమనలేదు. బడివాళ్ళు ఇప్పుడు మా పేటవాళ్ళను చోటు అడిగి గాని గుర్రాలను సముద్రంలోకి దించరు.

గుర్రాన్ని చూసి రాము నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "అత్తా, ఇది గుర్రమేటి? దూడ లాగున్నాది."

"బాబు సీకట్లో ఎక్కుతాడు. సూడ్డు" అంది అమ్మ.

వేట మళ్ళీ తెరిచే రోజు పొద్దున్నే మొగలిపొదల దగ్గరికి వెళ్ళాం. పడవలకు పసుపు, కుంకుమ పెట్టారు. గుర్రాన్ని నేను మోస్తానన్నాను. అమ్మ ఇవ్వలేదు. తన నెత్తి మీదే పెట్టుకుని, ఒక చేత్తో నా భుజం పట్టుకుని నడిచింది. విరిగిన గుర్రాలను పక్కకు జరిపి చోటు చేసింది. మొహం సముద్రం వైపు ఉండేలా పెట్టింది. కాళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటే ఇసక తోసి సరిచేసింది. మా వెనక సూర్యకళ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది.

అమ్మ దణ్ణం పెట్టలేదు. పసుపు రాయికి ఎదురుగా చతికిలబడి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఇది దాలిగాడికి. ఆలీసమైపోనాది, అది నా తప్పే. ఆడు నాకు దక్కినాడని నీకు అప్పుడే సెప్పవలసింది."  మొగలి ఆకులు గాలికి ఒకదానికొకటి రాసుకున్నాయి. "ఆ మనిషి సంగతి మాత్రం నీకూ నాకూ ఇంకా తేల్నేదు. అది నాను నీ కాడికి వచ్చినాక మాటాడుకుందాం."

లేవడానికి నా వైపు చెయ్యి చాపింది.

"పద నాయినా" అంది, "పడవ దింపాల కదా."